పెరటి స్టేషన్ మాస్టర్ దరఖాస్తు

మా పెదనాన్న ఇంటి పెరట్లో రైలు ఉంది. వెనక మెట్ల దగ్గర మొదలై, జామచెట్టు చుట్టూ తిరిగి, నీళ్లతొట్టి పక్కన సిమెంటు సొరంగంలో దూరి, మళ్లీ మెట్ల దగ్గరికే వస్తుంది. మొత్తం నలభై రెండు అడుగుల లైను. ఇంజను నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంటుంది. స్టేషన్ చెప్పుల పెట్టె అంత.

పెదనాన్న రైలింజన్ల కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు పిల్లలు లేరు, పెద్దమ్మ ఎప్పుడో పోయింది. నాన్న పోయాక అమ్మా నేనూ ఈ ఇంటికే వచ్చేశాం. అప్పుడు నేను ఆరో తరగతి. మేం వచ్చిన ఏడాదే ఆయన మోకాళ్లు పట్టేశాయి. కుర్చీలోంచి లేవగలరు గానీ నేల మీద కూర్చోలేరు. పెరటి రైలుకు కావలసిన పనంతా నేల మీదే. అందుకని ఆయన కుర్చీలో కూర్చుని చెబుతూ ఉంటే నేను చేస్తూ వచ్చాను. పట్టాల మధ్య మొలిచిన గడ్డి పీకడం, చక్రాలకు చుక్క నూనె వేయడం, లైను మార్చే మీట బిగుసుకుంటే ఊపి వదులు చేయడం, వాన పడితే ఇంజన్ని గుడ్డలో చుట్టి లోపలికి తేవడం. రేకు ముక్కలు కత్తిరించి ప్రయాణికులను కూడా చేశాను. రంగులు వేసింది నేనే.

"మా పిల్ల వేళ్లు చూశారా, ఫిట్టరు వేళ్లు" అని పెదనాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆ మాటకు నేను చేతులు వెనక్కి దాచుకునేదాన్ని. లోపల మాత్రం సంతోషంగా ఉండేది.

మా చుట్టుపక్కల ఇలాంటి పెరటి రైళ్లు ఆరు ఉన్నాయి. దర్జీ గారికి ఒకటి, పళ్ల డాక్టరు గారికి ఒకటి, మిగతావి కొంచెం దూరం. ఈ ఆరింటికీ కలిపి ఒక ఇన్‌స్పెక్టర్ గారు ఉన్నారు. ఆయన్ని ఎవరూ నియమించలేదు. ఆయన మేడ మీద అద్దె వాటాలో ఉంటారు. పెరడు లేదు కనుక రైలు వేసుకునే వీల్లేదు. అందుకని మిగతావాళ్ల రైళ్లను తనిఖీ చేస్తానని తనే బయల్దేరారు. ఏడాదికి మూడుసార్లు వచ్చేవారు. తలకు ముందుకు పొడుచుకొచ్చిన టోపీ, మెడలో ఈల, జేబులో భూతద్దం, స్టీలు స్కేలు. యాభై ఏళ్ల మనిషి చొక్కా మాసిపోతుందన్న చింత లేకుండా బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వంకర చూసేవారు.

తర్వాత లేచి రిపోర్టు రాసేవారు. పళ్ల డాక్టరు గారి లైను మీద ఒకసారి ఇలా రాశారట: "సొరంగంలో ఒక నత్త అద్దె లేకుండా కాపురం ఉంటోంది. వారం రోజుల్లో ఖాళీ చేయించాలి." దర్జీ గారి వంతెన కింద చీమలు బారులు తీరితే "టికెట్లు లేని ప్రయాణికులు మూడు వందల పై చిలుకు" అని రాశారు. చివర్న రబ్బరు ముక్క మీద తనే చెక్కుకున్న ముద్ర వేసేవారు. దాని మీద ఇంజను బొమ్మ.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూసి, "స్టేషన్ మాస్టర్ మీరేనా? ఫిర్యాదుల పుస్తకం ఏదీ?" అన్నారు. నన్ను అంతవరకు ఎవరూ మీరు అనలేదు. లోపలికి వెళ్లిపోయాను. కానీ ఆయన మళ్లీ వచ్చేసరికి ఒక నోటుబుక్కు సిద్ధం చేసి స్టేషన్ పక్కన పెట్టాను. అందులో రేకు ముసలమ్మ తరఫున ఒక ఫిర్యాదు రాశాను. 'నన్ను ప్లాట్‌ఫారానికి అతికించేశారు. ఏ రైలూ ఎక్కలేకపోతున్నాను.' ఆయన పడీ పడీ నవ్వి, దాని కింద రాశారు: 'తొందరపడకండి. రోజూ రైలే మీ దగ్గరికి వస్తోంది కదా.'

అలా నాలుగేళ్లు నడిచింది. నేను రాసేదాన్ని, ఆయన జవాబు రాసేవారు. కొడుకు కోసం చూస్తూ కూర్చున్న రేకు తాత, సంచీ పోగొట్టుకున్న రేకు పెళ్లికూతురు, నిద్రపోతూ దొరికిన గార్డు. ఎదురుగా నిలబడితే నేను ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ పుస్తకంలో మాత్రం మాట్లాడినంత ఎవరితోనూ మాట్లాడలేదు, డైరీతో తప్ప.

ఆయన అసలు ఉద్యోగం బడుల తనిఖీ. తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరి బడికి వచ్చారు. టోపీ లేదు, నవ్వు లేదు. నన్ను లేపి ఒక లెక్క అడిగారు. జవాబు తెలుసు, నోరు పెగల్లేదు. "కూర్చో" అని పక్క పిల్లను అడిగారు. నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజు నేను ఆయన ఇద్దరు మనుషులని అనుకున్నాను. బడికి వచ్చేది ఒకరు, పెరట్లోకి వచ్చేది ఇంకొకరు. పెరట్లోకి వచ్చేవారు నావారు.

ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాను. మా బడి పదితోనే ఆఖరు. పట్నంలో ఆడపిల్లలకు హాస్టలున్న బడి ఒకటి ఉంది. మా బడికి అందులో రెండు సీట్లు ఇస్తారు. ఆ ఏడాది పాసైనవాళ్లకే. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి ఫారం చేతిలో పెట్టారు. "ఇంట్లో పెద్దవాళ్ల సంతకం చేయించి పదిహేనో తారీఖులోపు తీసుకురా" అన్నారు.

పెదనాన్న ఫారం రెండుసార్లు చదివారు. కళ్లజోడు పెట్టె కింద కిటికీలో పెట్టారు.

"చదువు సంగతులు మనకేం తెలుసు తల్లీ. పదో తారీఖున ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారుగా. ఆయన పంపమంటే పంపుతా."

"మీరు అడుగుతారా పెదనాన్నా?"

"చదువుకునేది నేనా? నువ్వే అడుగు."

వంటింట్లోకి వెళ్లి అమ్మను అడిగాను. "నువ్వు అడగవా?"

"బావగారు ఉండగా నేనేం మాట్లాడతానే" అంది అమ్మ. "ఒక్క మాటే కదా. కళ్లు మూసుకుని అనేసెయ్."

ఆ ఒక్క మాటను మూడు రోజులు స్నానాల గదిలో నీళ్ల చప్పుడులో అని చూసుకున్నాను. నా గొంతు నాకే వినపడలేదు. తొమ్మిదో తారీఖున ఫిర్యాదుల పుస్తకం తీసి రాశాను. ఇన్‌స్పెక్టర్ గారికి నేను అలాగే చెప్పగలను. ఆయన అలాగే వింటారు అనుకున్నాను.

'అయ్యా, నేను ఈ స్టేషన్ మాస్టర్‌ను. పదో తరగతి పాసయ్యాను. పట్నంలో హాస్టలు బడిలో చదువుకోవాలని ఉంది. మీరు ఒక్క మాట చెబితే పైవాళ్లు పంపిస్తారు. పదిహేనో తారీఖు గడువు. దయచేసి చెప్పండి.'

పెదనాన్న అని రాయడానికి చెయ్యి రాలేదు. పేరు పెట్టి రాస్తే ఆయన మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని పైవాళ్లు అని రాశాను. అక్కడే పొరపాటు చేశాను.

పదో తారీఖున ఇన్‌స్పెక్టర్ గారు ఒక్కరే రాలేదు. దర్జీ గారూ పళ్ల డాక్టరు గారూ కూడా వచ్చారు. పెరడంతా నవ్వులు. ఆయన బోర్లా పడుకుని జామచెట్టు దగ్గర మలుపు చూశారు. భూతద్దం పెట్టి నా రేకు మనుషుల మొహాలు చూశారు. చివరికి మెట్ల మీద కూర్చుని పుస్తకం అందుకున్నారు.

"ఈసారి ఎవరి కష్టాలో చూద్దాం" అని, గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ మనసులో చదువుకునేవారు. ఈసారి పక్కన ఇద్దరున్నారు.

"'అయ్యా, నేను ఈ స్టేషన్ మాస్టర్‌ను.' ఓహో, ఇన్నాళ్లకు సాక్షాత్తూ స్టేషన్ మాస్టరే."

రేకు ముసలమ్మ గొంతు ఇలాగే ఉంటుందన్నట్టు, ముక్కుతో సాగదీస్తూ చదివారు. 'దయచేసి చెప్పండి' దగ్గర రెండు చేతులూ జోడించారు. పళ్ల డాక్టరు గారు పొట్ట పట్టుకున్నారు.

"బదిలీ అడుగుతోందండోయ్" అన్నారు దర్జీ గారు. "అదీ పట్నానికి. తెలివైన ఉద్యోగే."

"అందరికీ పట్నమే కావాలి. పల్లె లైన్లు ఏమైపోవాలి?" అంటూ ఇన్‌స్పెక్టర్ గారు పెన్ను తీశారు. రాస్తూనే పైకి చెప్పారు. "దరఖాస్తు తిరస్కరించడమైనది. ఈ స్టేషన్ మాస్టర్ లేనిదే ఈ లైను ఒక్క రోజు నడవదు. బదిలీ అడిగిన నేరానికి మూడు నిమ్మబిళ్లలు జరిమానా. అవి కూడా మేమే ఇచ్చుకుంటాం."

ముద్ర వేశారు. జేబులోంచి మూడు నిమ్మబిళ్లలు తీసి నా అరచేతిలో పెట్టారు.

నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన దర్జీ గారి వైపు చూసి, ఆయన నవ్వుతుండటం చూసి, తనూ నవ్వారు. అమ్మ టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన చదివిందంతా విన్నది. 

అక్కడున్న వాళ్లలో ముగ్గురికి అది నిజమని తెలుసు. ఫారం కిటికీలో, ఆ మెట్లకు నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"ఏం స్టేషన్ మాస్టర్ గారూ, మా తీర్పు మీద అప్పీలు ఏమైనా చేసుకుంటారా?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆయన మొహంలో అంత ప్రేమ ఉంది. అడగడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదని తెలుసు. తల అడ్డంగా ఊపాను.

"లేదట" అన్నారు దర్జీ గారు.

వాళ్లు వెళ్లాక అమ్మ గుమ్మం చాటు నుంచి, "బావగారూ, ఆ కాగితం మీద సంతకం..." అంది.

"ఇన్‌స్పెక్టర్ గారు ఏమన్నారో నువ్వూ విన్నావుగా" అన్నారు పెదనాన్న. కోపంగా అనలేదు. ఇంజన్ని ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ అన్నారు.

పదిహేనో తారీఖు వెళ్లిపోయింది. ఒక సీటు నా పక్కన కూర్చునే పిల్లకు వచ్చింది. రెండోది ఎవరికీ రాలేదు.

ఇరవై ఒకటో తారీఖు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ గారు మళ్లీ వచ్చారు. టోపీ లేదు. ఆఫీసు బూట్లు, చేతిలో సంచీ. పెరట్లోకి రాలేదు, ముందు గదిలోనే కూర్చున్నారు. రెండో సీటు ఎందుకు ఖాళీగా పోయిందని హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగితే ఆవిడ మా ఇంటి సంగతి చెప్పారట.

"అది నిజంగా అడిగావా అమ్మాయీ?" అన్నారు. మీరు అనడం పోయింది. "నేను కథ అనుకున్నాను. ఎప్పుడూ రాసేలాగే రాశావనుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే ఆ పూటే సంతకం పెట్టించేవాణ్ణి కదా."

ఆయన నిజంగానే బాధపడ్డారు. చేతి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. కానీ ఆయన చెప్పినదాంట్లో తప్పు నాది ఒక్కదానిదే.

"ఇప్పుడు వీలవదాండీ?" అంది అమ్మ. బావగారు ఉండగా ఆవిడ పరాయివాళ్లతో మాట్లాడటం అదే మొదలు.

"జాబితా పైకి వెళ్లిపోయిందమ్మా." తర్వాత ఆయన పెదనాన్న వైపు తిరిగారు. "మీరైనా ఒక మాట అనాల్సింది."

"నాకేం తెలుసండీ" అన్నారు పెదనాన్న. "మీలాగే నేనూ ఆటేననుకున్నా."

"పెదనాన్నకి తెలుసండి" అన్నాను. "ఫారం ఆయన దగ్గరే ఉంది. రెండుసార్లు చదివారు."

నా గొంతు నేననుకున్నంత చిన్నది కాదు. గదంతా వినపడింది.

ఇన్‌స్పెక్టర్ గారు ఏదో అనబోయారు. ఆయన దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. అప్పుడు కూడా వెతుక్కున్నట్టే అనిపించింది. దొరకలేదు. సంచీ తీసుకుని, టీ తాగకుండానే వెళ్లిపోయారు. పెదనాన్న గోడ పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఇప్పుడొచ్చిందా నీకు నోరు?" అంది చిన్న గొంతుతో. "కావలసినప్పుడు రాలేదే. ఇప్పుడు అంటే సీటు వస్తుందా? రేపు ఆయన మనల్ని బయటికి పొమ్మంటే ఎక్కడికి పోతాం? ఆ మొహం నేనెలా చూడను?"

నువ్వు కూడా గుమ్మంలోనే ఉన్నావు కదమ్మా అనాలనిపించింది. అనలేదు. రాత్రి డైరీలో కూడా రాయలేదు.

పెదనాన్న మమ్మల్ని పొమ్మనలేదు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే కుర్చీ వేసుకుని పెరట్లో కూర్చున్నారు.  తర్వాత, "రెండో మలుపు దగ్గర పట్టా లేచింది" అన్నారు. తల్లీ అనలేదు. నా వైపు చూడలేదు. నీళ్లతొట్టితో చెబుతున్నట్టు చెప్పారు.

వెళ్లి కూర్చున్నాను. మేకు ఒకటి ఊడింది. కొత్తది పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను.