డెల్మర్ బావ ముంచిన కొమ్మలు

మా డెల్మర్ బావకి రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోయింది. అంచుల్లో కాస్త మిగిలింది. మనిషిని చూడాలంటే మొహం పక్కకి తిప్పుకుంటాడు. జూలైలో ఆయన కూతురు జోలీన్ పడవ అమ్మేస్తానంది. ఆయన ససేమిరా అన్నాడు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. శనివారం పొద్దున ఆయనే పడవ నడుపుకెళ్ళి, చెరువులో ముంచిన తన కొమ్మలు తనే కనుక్కుని, క్రాపీ చేపలు పట్టుకురావాలి. తెస్తే పడవ ఉంటుంది, లేకపోతే లేదు.

"ఒడ్డువార బాస్ చేపలు పడితే లెక్కలోకి రాదు నాన్నా. వాటినెవరైనా పడతారు. వెండెల్ మావయ్య పడవలో ఊరికే కూచుంటాడు. ఏం చెప్పడు," అంది జోలీన్ నన్ను చూపిస్తూ.

"వాడు మామూలప్పుడు మాత్రం ఏం చెప్తాడు?" అన్నాడు బావ.

ఎండలు ముదిరితే క్రాపీలు లోతుకి దిగిపోయి, మునిగిన చెట్ల నీడన గుంపు కడతాయి. అందుకని చలికాలంలోనే సెడార్ చెట్లు నరికి, మొదళ్ళకి సిమెంటు దిమ్మెలు కట్టి చెరువులో ముంచుతాం. ఎక్కడ ముంచామో పెళ్ళానికి కూడా చెప్పం. ఒకడు ముంచిన చోట ఇంకొకడు గాలం వెయ్యడం కోళ్ళ దొంగతనం కంటే నీచం. ఆ పని చేశాడనే బావ సొంత తమ్ముడి అంత్యక్రియలకి కూడా వెళ్ళలేదు.

ఆరింటికల్లా నీళ్ళ మీదున్నాం. రాతికొన దగ్గర బావ ఎరగా రబ్బరు వానపాము విసిరి రెండు బాస్ పట్టాడు. గాలం ఊడదియ్యడానికి ఆయన వేళ్ళకి కళ్ళక్కర్లేదు. "లెక్కలోకి రారట మీరు," అని రెండింటినీ వదిలేశాడు.

తర్వాత పెద్ద ఇంజను ఆపి, చిన్న కరెంటు మోటారు దింపాడు. మునుపు చర్చి శిఖరాన్నీ నీళ్ళ టాంకునీ ఒక గీతలో పెట్టుకుని వెళ్ళేవాడు. ఇప్పుడవి కనబడవు. గాలి ఎడం చెంపకి తగిలేలా కూచుని, రెండొందల నలభై లెక్కపెట్టుకుంటూ పోతాడు. వేసవంతా పడమటి గాలే కాబట్టి అది సరిపోయింది. ఆ పొద్దున గాలి దక్షిణానికి తిరిగింది. ఆయన మాత్రం ఎడం చెంపనే నమ్ముకున్నాడు.

రెండొందల నలభై దగ్గర అడుగున ఏముందో చూడ్డానికి తాడుకి కట్టిన సీసం గుండు దించాడు. తాడుని రెండుసార్లు పైకీ కిందకీ ఆడించాడు.

"బురద," అన్నాడు.

రాతికొనకి తిరిగొచ్చి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ బురదే. మూడోసారీ అంతే. బాల్టీలో ఎర చేపపిల్లలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలుతున్నాయి. బావ పెదాలు కదుపుతూ నాలుగోసారి లెక్క మొదలుపెట్టాడు. ఈసారి గొంతు బయటికి వినిపిస్తోంది.

ఆ చోటు నాకు తెలుసు. మూడేళ్ళుగా తెలుసు.

"కుడికి తిప్పు బావా," అన్నాను.

ఆయన లెక్క ఆపాడు. తిప్పాడు.

"ఇంకా. ఇంకొంచెం. ఇక్కడ ఆపు."

గుండు దించాడు. పద్దెనిమిది అడుగుల దగ్గర కొమ్మకి తగులుకుంది. ఆయన దాన్ని లాగలేదు.

"ఎన్నాళ్ళ నించి?"

"మూడేళ్ళు."

"ఎప్పుడొచ్చేవాడివి?"

"నువ్వు కంటి ఆసుపత్రికెళ్ళే రోజుల్లో."

"నా కంట్లో సూది గుచ్చుతుంటే, నువ్విక్కడ నా చేపలు పడుతున్నావన్నమాట."

"అవును."

"బాగా పడ్డాయా?"

"బాగానే పడ్డాయి."

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. లేకపోతే నీళ్ళలోకి తోసేద్దును."

"తోస్తే ఇంటికి దారెవరు చూపిస్తారు?"

ఆయన నవ్వలేదు. ఎర గుచ్చి గాలం దించాడు. పదకొండు క్రాపీలు పడ్డాయి, అరచేతికి మించిన వెడల్పువి. నేను గాలం ముట్టుకోలేదు.

రేవులో జోలీన్ ఐసుపెట్టె మూత తీసి చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆయనే కనుక్కున్నాడని అబద్ధం చెబుదామని దారిలోనే అనుకున్నాను. నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు.

"నేను కనుక్కోలేదు. వీడు చూపించాడు. మూడేళ్ళుగా నా కొమ్మల మీద దొంగతనం చేస్తున్నాట్ట."

"మావయ్యా!" అంది జోలీన్. నేను టోపీ సర్దుకున్నాను.

ఆమె చెయ్యి చాపింది. బావ పడవ తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, నా చొక్కా జేబులో వేసింది.

"ఇకనించి ఆయన్ని నువ్వే తీసుకెళ్తావు. వానొచ్చినా, నీకు పనున్నా సరే."

"ఈ దొంగతోనా? నేను పోను," అన్నాడు బావ.

"అయితే పడవ అమ్మేస్తా. నీకు మరి దారి తెలిసినవాడు ఇంకెవడున్నాడు నాన్నా?"

బావ చేపలు శుభ్రం చేసే బల్ల దగ్గరికి తడుముకుంటూ వెళ్ళాడు. వేలితో వెన్నుముల్లు వెతుక్కుని, దాని వెంబడే కత్తి నడిపాడు. నేను పక్కన నిలబడి నీళ్ళు పోశాను. మూడు చేపలయ్యాయి.

"వెండెల్."

"ఊఁ."

"నీ కొమ్మలెక్కడ ముంచావు?"

చెప్పాను. పాత వంతెన స్తంభాల నించి తూర్పుగా, కాలవ మలుపు తిరిగే చోట. బతుకులో ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఎన్ని చెట్లు?"

"తొమ్మిది."

"వచ్చేవారం ముందు అక్కడికి పోదాం," అన్నాడు బావ, ఇంకో చేపకోసం చెయ్యి చాపుతూ. "నువ్వు గాలం తెచ్చుకోకు."