కరకట్ట మీది గేట్లు

"ఆఫ్కె, గేటు!" అని కేకేశాడు హర్మెన్, సైకిలు దిగకుండానే.

ఆఫ్కె దిగింది. వాన ఎదురునుంచి ఏటవాలుగా కొడుతోంది. సముద్రం వైపున్న చెంప ఎప్పుడో మొద్దుబారింది. తడి గడియ పైకెత్తి, ఇనపగేటు తనవైపు లాగి, గాలి తోసెయ్యకుండా నడుముతో ఆనించి పట్టుకుంది. హర్మెన్ దాటాడు. దాటి ఆగలేదు. ఆమె తన సైకిలు నడిపించుకుంటూ దాటి, గేటు మూసి, గడియ పడిందో లేదో కదిలించి చూసింది. కరకట్ట మీద గొర్రెలుంటాయి. గేటు తీసినవాళ్ళే మూయాలి. వేసవిలోనూ చలి వదలని ఈ తీరంలో పుట్టినవాళ్ళకు నడక రాకముందే ఆ సంగతి వస్తుంది.

తలెత్తేసరికి మొగుడి వానకోటు దూరంగా పచ్చటి చుక్కయింది.

ఆగితే ఒళ్ళు చల్లబడుతుందంటాడు. ఏటా వేసవిలో ఇద్దరూ ఇలా సైకిళ్ళ మీద ఊళ్ళు తిరుగుతారు. పెళ్ళయిన వేసవిలో మొదటి గేటు ఆమే ముచ్చటపడి తీసింది. అతను నవ్వుతూ దాటాడు. అంతే, ఆ పని ఆమెదైపోయింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. గుడారం, పొయ్యి, గిన్నెలు ఆమె సంచుల్లోకి చేరినట్టే అదీ చేరింది. హర్మెన్ దగ్గర పటం ఉంటుంది. గుడారాలు వేసుకునే చోట పక్కవాళ్ళతో అతనే చెప్తాడు, "ఎదురుగాలంతా నేనే కోస్తాను, మా ఆవిడ నా వీపు చాటున హాయిగా వస్తుంది" అని. అత్తగారు బతికున్నన్నాళ్ళూ అదే మాట: "మా వాడి వెనకాల ఉన్నావు, నీకేం తల్లీ." ఆ చాటు తనకు దక్కిందెంత? ఒంటరిగా గాలికి ఎదురు తొక్కి తొక్కి అతని వీపు అందుకునేసరికి మళ్ళీ గేటొస్తుంది. అతను గేటు దగ్గర ఒంటికాలు ఆనించి ఊపిరి తీసుకుంటూ, "ఇంత నెమ్మదైతే ఎలాగే?" అంటాడు. ఇంట్లోనూ అంతే. అందరికీ బఠాణీ సూపు వడ్డించి తను కూర్చునేసరికి ఎవరికో ఉప్పు కావాలి. వృద్ధుల ఆశ్రమంలో పని చేసొచ్చి బూటు విప్పబోతుంటే లోపలినుంచి, "ఆఫ్కె, రొట్టె అయిపోయింది!" గేటు, గేటు, మళ్ళీ గేటు.

ఈ దారి చివర రేవుంది. రేవు నుంచి ఓడెక్కితే ద్వీపం, ద్వీపంలో అక్క హిస్కె. "పైగది నీదే చెల్లీ. సైకిలు తెచ్చుకో, మొగుణ్ణి తేకపోయినా ఏం పర్లేదు" అని ఫోనులో నవ్వుతుంది. ప్రతి ఏడూ హర్మెన్ సరేనంటాడు, ప్రతి ఏడూ దారి మళ్ళిస్తాడు. ఈ ఏడు మాటిచ్చాడు. తుపాను రేగుతోందని, ఈ సాయంత్రపు ఓడ వెళ్ళాక గాలి తగ్గేదాకా మరొకటి లేదని పొద్దున రేడియోలో విన్నారు.

నీళ్ళు తోడే యంత్రాల గది వెనక అతను ఆగి ఉన్నాడు. ఆఫ్కె ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసి ఇచ్చింది. ఉన్నది ఆ ఒక్క మూతే.

"వెనక్కి పోదాం" అన్నాడు తాగుతూ.

"రేవు కనిపిస్తోంది హర్మెన్."

"కనిపిస్తే? ఈ గాలికి ఎదురు తొక్కాలి కదా! వెనక్కి తిరిగితే అదే మనల్ని తోస్తుంది. మీ అక్క ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు చూద్దాం."

"నువ్వు మాటిచ్చావు."

"గాలిని అడిగి ఇచ్చానా? నా మోకాళ్ళు పోయాయే. నీకేం, చాటున వస్తావు."

అతని మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆఫ్కె తన కాళ్ళ వంక చూసుకుంది. బురద ఉంది, తడి ఉంది, వణుకు లేదు. ఇన్ని ఏళ్ళు ప్రతి గేటు తర్వాతా ఈ మనిషిని, సామానంతా మోస్తూ, ఒక్కతే గాలిలో తరిమి అందుకున్నది ఈ కాళ్ళే. ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆమెకూ ఇప్పుడే తోచింది.

మూత అందుకుంది. అడుగున కాస్త చల్లారిన కాఫీ ఉంది. దాన్ని గడ్డిలో పారబోసి, నిండుగా పోసుకుని, వేడిగా తాగింది.

"ఏం, అలిగావా?" అన్నాడు.

ఆమె సైకిలెక్కి రేవు వైపు తొక్కింది.

"ఆఫ్కె! పిచ్చెక్కిందా? పటం నా దగ్గరుంది!"

ఒకటే కరకట్ట, ఒకటే దారి. పటం దేనికి? వడగళ్ళు మొదలయ్యాయి. తల వంచి తొక్కింది. వెనక గొలుసు కరకరలు వినిపించాయి. వస్తున్నాడు. తన వీపు చాటునే వస్తున్నాడు. ఎదురుగా ఓడ దీపాలు వెలిగాయి.

ఆఖరి గేటు. దిగింది. గడియ ఎత్తింది, లాగింది, దాటింది. మూసి, గడియ పడిందో లేదో కదిలించి చూసింది.

హర్మెన్ వచ్చి గేటు మీద చెయ్యి వేసి ఆగాడు, సీటు మీదే. తోశాడు. రాలేదు. చెయ్యి చాచి గడియను పక్కకు గుంజాడు. అటు కదిలే గడియ కాదది. ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇన్ని వేసవులు ఈ గేట్ల గుండా వెళ్ళిన మనిషి.

"దీన్ని ఎలా తీస్తారే?"

"ముందు సైకిలు దిగు" అంది ఆఫ్కె. "దాటాక మూసిరా. నేను ఆగను, ఒళ్ళు చల్లబడుతుంది."