గార్లండ్ కాల్చిన గొట్టాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి పక్కన ఉన్ని మేజోడు అల్లుతూ నానమ్మ డ్రూసిల్లా. బల్ల దగ్గర టీ చల్లారిపోతున్నా పట్టించుకోని నాన్న హెడ్లీ. ఆయనకెదురుగా, బురద బూట్లు కూడా విప్పకుండా, చిన్నాన్న ఎల్డన్. మెట్ల మీద, ఎవరికీ అడ్డం రాని చోట, లెటీ. అమ్మ చేపల ఫ్యాక్టరీలో పనికి వెళ్లింది. అన్న గార్లండ్‌ను వదిలేసి లెక్కపెట్టడం లెటీకి ఇంకా అలవాటు కాలేదు.

చిన్నాన్న వచ్చింది మూస్ అనే పెద్ద కొమ్ముల దుప్పి వేట లైసెన్సు సంగతి తేల్చడానికి. లైసెన్సు మీద రెండు పేర్లుంటాయి. ఏటా అవి నాన్నవీ గార్లండ్‌వీ. పోయిన వేట కాలంలో మూస్ మాంసం వేసుకుని సరస్సు దాటుతుంటే గార్లండ్ పడవ బోల్తా పడింది. నాన్న ఇవతలి ఒడ్డున రెండో మూట కడుతున్నాడు. మర్నాడు గార్లండ్ శవం దొరికింది, అతని తుపాకి దొరకలేదు. ఆ తరవాత నాన్న వెనక గది తలుపు తీయలేదు. తూటాలు తయారుచేసుకునే బల్ల, అచ్చులు, ప్రెస్సు అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. బల్ల ముందు రెండు ముక్కాలి పీటలుంటాయి. ఆ రెండో పీట మీద నాన్న తనని కూర్చోబెట్టుకుంటే చాలని లెటీ ఏడాదిగా కోరుకుంటోంది. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

నాన్నదీ గార్లండ్‌దీ ఒకేలాంటి పాత సైన్యపు తుపాకులు. తాతయ్య ఒకేసారి కొన్నాడు. పైనుంచి చూస్తే కవలలే. కానీ తూటా కూర్చునే లోపలి గది గార్లండ్ తుపాకిలో వదులు, నాన్నదాంట్లో బిగువు. కాల్చినప్పుడు తూటా ఇత్తడి గొట్టం ఉబ్బి, ఆ గది ఎలా ఉంటే అలా తయారవుతుంది. గార్లండ్ గొట్టాలకు అడుగున చిన్న పొట్ట వచ్చేది. నాన్న ఆ పొట్ట జోలికి పోకుండా మూతి ఒక్కటే బిగించి మళ్లీ మందు నింపేవాడు. ప్రతిసారీ ఒళ్లంతా నొక్కితే ఇత్తడి పలచబడి చిట్లుతుంది. అలాగే వదిలేస్తే అదే తుపాకిలో, వాడిన చెప్పులో పాదంలా, ఇమిడిపోతుంది. అందుకే ఇద్దరి గొట్టాలూ వేరువేరు డబ్బాల్లో ఉండేవి. పొరపాటున గార్లండ్‌ది నాన్న తుపాకిలో పెడితే, తూటాను లోపలికి తోసే బోల్టు సగంలో ఇరుక్కునేది. "నీ కొడుకు తూటాలు కూడా తిండిపోతులేరా," అని నానమ్మ నవ్వేది.

పోయిన ఆదివారం అందరూ చర్చికి వెళ్తే లెటీ దగ్గు వంకతో ఇంట్లో ఉండిపోయింది. వెనక గదిలోకి వెళ్లి చూస్తే నాన్న డబ్బాలో మిగిలినవన్నీ మూతులు చిట్లిన గొట్టాలు. గార్లండ్ బిస్కెట్ డబ్బా మాత్రం నిండుగా ఉంది. ఆ తుపాకే లేనప్పుడు ఇవి ఎందుకు ఊరికే పడుండాలి అనుకుంది. ఎప్పుడో అన్న నేర్పినట్టే ఒళ్లంతా నొక్కే అచ్చు బిగించి, ఒక్కొక్కటీ ప్రెస్సులో దించింది. పొట్టలన్నీ లోపలికి పోయాయి. గుడ్డతో తళతళలాడేలా తుడిచి, నాన్న డబ్బాలో పోసింది. నాన్న చూసినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఆ రాత్రి నిద్రపోయింది.

చిన్నాన్న చాలాసేపు చెప్పాడు. ఫ్రీజరు ఖాళీగా ఉందన్నాడు. పిల్ల వసంతంలోనే వేట పరీక్ష పాసైంది కదా, రెండో పేరు తనదే రాయించమన్నాడు. "దీన్ని తీసుకెళ్లు హెడ్లీ. నోట్లోంచి మాట రాదు కాబట్టి మూస్‌లు బెదరవు."

"నువ్వెళ్తే నవ్వి నవ్వి అవే చస్తాయి. తూటా ఖర్చుండదు," అంది నానమ్మ తలెత్తకుండా.

నాన్న పెదవి కొంచెం కదిలింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి మెట్ల వైపు చూశాడు. "రామ్మా," అన్నాడు.

వెనక గది చల్లగా, నూనె వాసనతో ఉంది. నాన్న రెండో పీట మీది దుమ్ము అరచేత్తో తుడిచి కూర్చోమన్నాడు. లెటీ కూర్చుంది. ఆయన తన డబ్బా మూత తీసి, మెరుస్తున్న గొట్టం ఒకటి అందుకున్నాడు.

"ఇవెక్కడివి?"

"అన్న డబ్బాలోవి. వృథాగా పడున్నాయని... నీ తుపాకికి పట్టేలా చేశాను."

నాన్న గోడ మీది తుపాకి దించి, ఆ గొట్టం లోపల పెట్టి బోల్టు తోశాడు. ఎక్కడా తట్టుకోకుండా వెన్నలో కత్తిలా దిగింది. తీసి మళ్లీ తోశాడు. ఇంకొకటి పెట్టాడు. ఇరుక్కుంటుందేమోనని కాచుకున్నట్టు, ప్రతిసారీ సగంలో చెయ్యి ఆపాడు. తరవాత బిస్కెట్ డబ్బా తీసి లోపలికి చూశాడు.

"ఒక్కటైనా ఉంచావా?"

"లేదు నాన్నా."

ఆయన ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. "వాడి తుపాకి నీళ్లలో ఉంది. దాని లోపలి ఆకారం ఈ గొట్టాల్లో మాత్రమే మిగిలుండేదమ్మా. ఇంకెక్కడా లేదు."

లెటీ తన చేతుల వైపు చూసుకుంది. ప్రెస్సు పిడి లాగి లాగి అరచేతిలో లేచిన బొబ్బ ఇంకా పచ్చిగానే ఉంది.

"పనేమీ చెడగొట్టలేదు," అన్నాడు నాన్న. "ఒక్క మూతి కూడా నలగలేదు. వాడే చేసినట్టుంది." ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టాడు. "నువ్వెళ్లి నానమ్మ దగ్గర కూర్చో."

లెటీ లేచింది. గడప దాటి, ఏదో ఒకటి అనాలని వెనక్కి తిరిగింది. నాన్న అప్పటికే తలుపు దాకా వచ్చాడు. ఆమె మొహం వైపు చూడకుండా, చప్పుడు కానివ్వకుండా, గడియ పడేదాకా తలుపు మూసేశాడు.