ఆ రెండు రోజుల మాటలు

కాలిన గాయాల వార్డులో పదహారేళ్లుగా కట్లు కడుతున్న ఆ నర్సును అందరూ అక్క అనే పిలుస్తారు. పెద్ద డాక్టరు కూడా అంతే. స్ట్రెచర్ గుమ్మం దాటుతుండగానే, ఇంకా దుప్పటి తీయకముందే, ఆమె ఒకసారి గాలి పీల్చి ఇది నూనె, ఇది కరెంటు, ఇది గ్యాసు అని చెప్పేసేది. ఆ ఉదయం పదకొండింటికి వచ్చిన స్ట్రెచర్ దగ్గర తడిసిన ఉన్ని వాసన, దాని వెనకాలే సబ్బులాంటి వాసన తగిలాయి. కాస్టిక్, అనుకుంది. ఆ తర్వాత ముఖం చూసింది.

"కంగారు పడకక్కా, నేనే" అన్నాడు తమ్ముడు.

తమ్ముడికి ముప్పై రెండేళ్లు. అక్క కంటే తొమ్మిదేళ్లు చిన్న. నోటికి తాళం వేయడం చేతకాని మనిషి. ఫ్యాక్టరీలో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు, అందరికీ అతను గిలక్కాయే. ఖాళీ సీసాలు కడిగే యంత్రం అతని బాధ్యత. యంత్రమంటే రైలుపెట్టెంత ఇనుప తొట్టి. అందులో కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు ఎనభై డిగ్రీల దగ్గర పొగలు కక్కుతూ ఉంటాయి. సీసాల మీది పాత కాగితాలు నాని, ఊడి, గుజ్జయి, గాజు పెంకులతో కలిసి అడుగున వాల్వు దగ్గర పేరుకుపోతాయి. వారానికోసారి తొట్టిని చల్లార్చి, ఖాళీ చేసి, ఆ గుజ్జు ఎత్తిపోయాలి. చల్లారడానికి ఒక పూట పడుతుంది. ఆ వారం సూపర్‌వైజరు ఆ పూట ఇవ్వలేదు.

"లైను ఆపితే పైవాళ్లు నన్ను నమిలేస్తారు. వేడి మీదే కానిచ్చెయ్ గిలక్కాయ్, నీకు కొత్తా?" అన్నాడు.

కొత్త కాదు. అంతకుముందు రెండుసార్లు అలాగే చేశాడు. ఆ ఉదయం కూడా తొట్టి కింద గొంతుక్కూర్చుని పానాతో వాల్వు బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. మూడు బోల్టులు వదులయ్యేదాకా చుక్క కూడా కారలేదు, గుజ్జు అడ్డం పడి ఉంది. నాలుగోది కదలగానే గుజ్జు జారిపోయి, నీళ్లు ఒక్కసారిగా ఎడమ భుజం నుంచి పాదాల దాకా కొట్టాయి. ఒంటికి కట్టుకున్న రబ్బరు ఏప్రను కింద చిరిగిపోయి ఉంది. నీళ్లు దాని వెనక్కి దూరి, బట్టల్లో ఇంకి, గమ్‌బూట్ల నిండా నిలిచాయి.

పది అడుగుల దూరంలో గోడకు అత్యవసర షవరు ఉంది. కారుతోందని ఎప్పుడో దాని వాల్వు మూసేశారు. దాని ముందు క్రేట్లు తల ఎత్తున పేర్చి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేస్తూ నిలబడిపోయారు. కదిలింది వ్యాను డ్రైవరు ఒక్కడే. బండిలోంచి ఉన్ని దుప్పటి తెచ్చి, వణుకుతున్న మనిషిని బట్టలతో, బూట్లతో సహా చుట్టేసి, చేతుల్లో ఎత్తుకుని వ్యానులో పడుకోబెట్టాడు. ఎర్రలైట్లు కూడా లెక్కచేయకుండా తోలుకొచ్చాడు. అయినా యాభై నిమిషాలు పట్టింది.

వార్డులో బట్టలు కత్తిరించి తీశారు. బూట్లు తీస్తే వాటితో పాటు ఇంకా ఏదో వచ్చింది. నీళ్ల గొట్టం పెట్టి గంటన్నర సేపు కడిగారు. కడుగుతున్నంత సేపూ అక్క అరచేతి కొలతతో లెక్క వేస్తూనే ఉంది. రోగి అరచెయ్యి ఒంట్లో నూటికి ఒక వంతు. పొట్ట, నడుము, రెండు తొడలు, రెండు కాళ్లు. లెక్క అరవై దగ్గర ఆగింది. మిగిలిన ఛాతీ, ఎడమ భుజం ఆమె లెక్కపెట్టలేదు.

"నొప్పి ఎలా ఉందిరా?"

"భుజం దగ్గర చచ్చేంత మంట. కాళ్లు మాత్రం అసలు నొప్పే లేవక్కా. అదృష్టం."

అక్క అతని కాలి దగ్గర వంగింది. చర్మం పాలిపోయి, మైనంలా మెరుస్తోంది. సూది తీసింది.

"గుచ్చేటప్పుడు చెప్పు, నాకసలే సూదంటే భయం" అన్నాడు తమ్ముడు.

ఆమె అప్పటికే మూడుసార్లు గుచ్చింది.

నొప్పి ఉన్నచోట చర్మం ఇంకా బతికి ఉన్నట్టు. నొప్పి లేనిచోట నరాలతో సహా అంతా పోయినట్టు. కొత్తగా వచ్చే నర్సులకు ఈ మాట ఆమే నేర్పేది. యాసిడ్ పడితే అది కాల్చిన తోలే దానికి అడ్డం పడుతుందనీ, కాస్టిక్ అలా కాదు, కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి తొలుచుకుపోతుందనీ, కడిగేదాకా ఆగదనీ కూడా ఆమే చెప్పేది.

పెద్ద డాక్టరు సెలైన్ లెక్క రాసి, ఆమెను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"అక్కా, నీకు నేను చెప్పాలా?"

"వద్దు సార్."

"రెండు రోజులు బాగా మాట్లాడతాడు. ఆ తర్వాత ఊపిరికి గొట్టం వేయాల్సి రావచ్చు. వాళ్లావిడకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను" అంది అక్క.

వరండాలో వ్యాను డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే ఎదురొచ్చాడు.

"అక్కా, టైముకే తెచ్చాను కదా? ఎక్కడా ఆపలేదు, మీమీదొట్టు."

అక్కడే ఆమెకు పట్టు తప్పింది.

"దుప్పటి ఎవరు చుట్టమన్నారు నిన్ను?"

"వణికిపోతున్నాడక్కా. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి."

"వణికితే వణకనివ్వాలి! బట్టలు చింపి పారేసి నీళ్లు పోయాలి. గంటసేపు పోస్తూనే ఉండాలి. సీసాలు కడిగే ఫ్యాక్టరీలో నీళ్లకి కరువొచ్చిందా? నువ్వు బండి తోలిన యాభై నిమిషాలూ ఆ దుప్పట్లో అది వాణ్ణి తింటూనే ఉంది!"

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. అప్పుడు ఆమె కూడా చూసింది. తడి దుప్పటిని మోసిన అరచేతులు, మోచేతుల దాకా ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. అంతసేపూ అతనికే తెలిసినట్టు లేదు. అక్క అతని మణికట్టు పట్టుకుని వాష్ బేసిన్ దగ్గరికి లాక్కెళ్లి, కుళాయి తిప్పి, అరగంట సేపు నీళ్ల కింద పట్టి ఉంచింది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నోరు మాత్రం రాలేదు. మందు రాసి కట్టు కట్టాక అతను చేతులు ఒంటికి ఆనించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆసుపత్రి వైపు రాలేదు.

మధ్యాహ్నం మరదలు వచ్చింది. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పని ఆమెది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. అద్దం తలుపులోంచి భర్తను చూసింది. అతను కట్టు కట్టని చెయ్యి ఎత్తి ఊపాడు. ఏదో అన్నాడు కూడా. అద్దం అడ్డం, వినపడలేదు.

"ఏమంటున్నాడు వదినా?"

"ఏడుపు మొహం పెట్టొద్దంటున్నాడు" అంది అక్క, అతని పెదాల కదలిక చూసి.

మరదలు నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మాట్లాడుతున్నాడంటే బాగానే ఉన్నట్టేగా? బతుకుతాడు కదా వదినా?"

వరండాలో ఇలాంటి ముఖాలకు అక్క పదహారేళ్లుగా జవాబు చెబుతూనే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఉన్నమాట చిన్న చిన్న మాటల్లో చెప్పేది. ఆ రోజు ఆమె నోటికి వచ్చిన జవాబు వేరు.

"చూశావుగా, ఎలా మాట్లాడుతున్నాడో. నువ్వు ధైర్యంగా ఉండు. కాకపోతే లోపలికి ఎక్కువ రాకూడదు. మన ఒంటి మీది క్రిములు గాయాలకి చేరతాయి. ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవాలి."

అందులో అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. మరదలు దాన్ని అక్షరాలా నమ్మింది. తను లోపలికి వెళ్లకపోతే భర్త బతుకుతాడన్నంత గట్టిగా నమ్మింది. పూటకు ఐదు నిమిషాలు గౌను, మాస్కు తొడుక్కుని వెళ్లవచ్చని డాక్టరు చెప్పినా వద్దంది. "ఎందుకు సార్, రిస్కు?" అంది. అక్క చెప్పిన పనులన్నీ పరుగు మీద చేసింది. రక్తం ఇచ్చేవాళ్ల కోసం వీధి వీధీ తిరిగింది. గుడ్లు ఉడకబెట్టి తెల్లసొన వేరు చేసి తెచ్చింది. పాత నూలు దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చింది. ఫ్యాక్టరీకి వెళ్లి కాగితాల కోసం మూడు గంటలు నిలబడింది. ఆమె ఎదురుగా ఉంటే ముఖం దాచుకోవడం కష్టమని అక్క ఒక పని అవగానే ఇంకో పని చెప్పింది.

ఆ రెండు రోజులూ తమ్ముడు మాట్లాడుతూనే ఉన్నాడు. ముఖం ఉబ్బి కళ్లు పూడుకుపోయినా నోరు ఆగలేదు.

"ఎలా ఉన్నానక్కా? బట్టల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మలా ఉన్నానా?"

"ఊరుకోరా. నీళ్లు తాగు."

"కట్లు కడతావంటే ఏంటో అనుకున్నాను. బాగానే కడతావు. జీతం దండగ కాదు."

రెండో రోజు కట్లు మార్చేటప్పుడు మార్ఫిన్ ఇచ్చారు. అయినా భుజం దగ్గర గాజుగుడ్డ ఊడదీస్తుంటే పళ్లు బిగబట్టి, ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకున్నాడు. అయిపోయాక మెల్లగా అడిగాడు.

"అక్కా, తొడ మీది చర్మం తీసి కాలికి అతుకుతారటగా. నాకు తొడలే కాలాయి కదా. మరి ఎక్కడ తీస్తారు?"

"వీపు ఉందిగా."

"వీపు సరిపోతుందా?"

ఆమె సెలైన్ సీసా మార్చే నెపంతో లేచింది. "నువ్వు నిద్రపో."

"మీ మరదలు ఎందుకు లోపలికి రావట్లేదు? నన్ను చూసి భయపడిందా?"

"లేదురా. ఇన్‌ఫెక్షన్ అని నేనే వద్దన్నాను."

"ఓ. నువ్వన్నావంటే సరే" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఊపిరి అందలేదు. గొంతులోకి గొట్టం దించి వెంటిలేటరు మీద పెట్టారు. నిద్రమందు ఎక్కించారు. అప్పుడు కూడా మరదలు అద్దం బయట నిలబడి, "రెస్టు కోసమే కదా వదినా?" అని అడిగింది. అక్క తల ఊపింది.

ఐదో రోజు ఆపరేషను థియేటరులో కుడికాలి మీది చచ్చిన చర్మం కోసి తీశారు. వీపు మీంచి తీసిన పలుచని పొర అతికారు. అది నిలవలేదు. ఏడో రోజుకు జ్వరం, ఎనిమిదో రోజుకు కట్ల కింద ఆకుపచ్చ చీము. ఆ వాసన ఏమిటో ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిదో రోజు మూత్రం ఆగింది. పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికి తమ్ముడు పోయాడు. ఆఖరి కట్టు కూడా ఆమే కట్టింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఫ్యాక్టరీ నివేదికలో, చెప్పినా వినకుండా వేడి మీద వాల్వు విప్పాడని రాశారు. సూపర్‌వైజరు సంతకం పెట్టాడు. వ్యాను డ్రైవరు అది అబద్ధమని చెప్పడానికి సిద్ధపడ్డాడనీ, కానీ విచారణకు వచ్చినవాళ్లు 'నీళ్లు పోయకుండా దుప్పటి చుట్టింది నువ్వేగా' అనేసరికి సాక్ష్యం చెప్పకుండానే బయటికి వచ్చేశాడనీ ఎవరో చెప్పారు. తర్వాత పని మానేశాడట. అక్క అతని ఇల్లు కనుక్కుని వెళ్లింది. తాళం వేసి ఉంది. ఇల్లు ఖాళీ చేసి పది రోజులైందని పక్కింటావిడ చెప్పింది.

నెల తిరిగాక ఒక ఆదివారం మరదలు అక్క ఇంటికి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పక్కన పెట్టింది.

"వార్డులో ఆయా చెప్పింది వదినా. మీకు మొదటి రోజే తెలుసట కదా?"

అక్క తల దించుకుంది. "తెలుసు."

"రెండు రోజులే మాట్లాడతాడని కూడా?"

"అదీ తెలుసు."

మరదలు అరవలేదు. అరిస్తే బాగుండునని అక్కకు అనిపించింది.

"నేను గుడ్లు ఒలుస్తూ కూర్చున్నాను వదినా. అద్దానికి ఇవతల. పిలుస్తున్నాడేమో అనిపించినా తొంగి చూడలేదు, నా గాలి తగులుతుందని." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "బతకడని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లేదాన్ని. నాకది చాలు. మీరు అందరికీ చెప్తారటగా. నాకెందుకు చెప్పలేదు?"

"నా నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయమేసింది" అంది అక్క.

మరదలు, "సరే. ఏం మాట్లాడాడో చెప్పండి" అంది.

అక్క చెప్పింది. బట్టల కొట్టు బొమ్మ సంగతి చెప్పింది. సూది సంగతి చెప్పింది. ఇంట్లో ఫ్యాను శబ్దం చేస్తోందనీ, నూనె వేయడం మర్చిపోయాననీ అన్నాడని చెప్పింది. చెంగు నోట్లో కుక్కుకున్న సంగతి చెప్పలేదు.

"నా గురించి?"

"నువ్వు తిన్నావా అని నాలుగైదుసార్లు అడిగాడు. లోపలికి ఎందుకు రావట్లేదని ఒకసారి అడిగాడు. నేనే వద్దన్నానని చెప్తే, సరే అన్నాడు."

"ఇంకా?"

ఒక్క మాట కల్పించి చెప్పడం అక్కకు పెద్ద పని కాదు. నిన్ను తలుచుకున్నాడనో, నీ పేరే ఆఖరి మాటనో చెబితే ఎదురుగా ఉన్న మనిషి దాన్ని పట్టుకుని ఎన్నాళ్లైనా బతికేస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంతే" అంది అక్క.

మరదలు ఇంకా కాసేపు కూర్చుంది, మిగిలింది ఏదైనా గుర్తొస్తుందేమోనని. తర్వాత లేచి వెళ్లిపోయింది. పై ఆదివారం మళ్లీ వచ్చింది, మళ్లీ అదే అడిగింది. అక్క మళ్లీ ఆ నాలుగు మాటలే చెప్పింది.