నూనె తాగిన కప్లింగ్

నేను ఒక కప్లింగ్‌ని. బొటనవేలంత అల్యూమినియం ముక్కని. అటొక బెజ్జం, ఇటొక బెజ్జం. ఒకదాంట్లో మోటారు ఇరుసు దూరుతుంది, రెండోదాంట్లో మరలు తిరిగిన కడ్డీ దూరుతుంది. నా ఒంటికున్న చిన్న స్క్రూలు బిగిస్తే రెంటినీ పట్టుకుంటాను. మోటారు ఎంత తిరిగితే కడ్డీ అంత తిరగాలి. వెంట్రుకవాసి తగ్గకూడదు. నా బతుక్కి ఉన్న పని ఇదొక్కటే. ఆ ఒక్కటీ నేను సరిగ్గా చెయ్యని రోజుల సంగతి చెబుతాను.

నన్ను లేత్ మీద తిప్పి బెజ్జం వేసినవాడు నా మొహం కూడా చూడలేదు. రోజుకు ఆరువందలమందికి వేసేవాడు. మొదట గుడివాడలో ఫ్లెక్సీలు అచ్చేసే మిషన్లో పనిచేశాను. పుట్టినరోజు శుభాకాంక్షలకూ శ్రద్ధాంజలికీ ఒకే మనిషి, ఒకే నవ్వు. ఆ కొట్టు మూతపడ్డాక విజయవాడ ఆటోనగర్‌లో పాతసామాన్ల తట్టలో పడ్డాను. ఏడాదిన్నరకు ఒక చెయ్యి నన్ను ఏరింది. ఆ చెయ్యి వణుకుతోంది.

అది పెడన నాంచారయ్య చెయ్యి. నలభయ్యేళ్ళు కలంకారీ బట్టల అద్దకానికి టేకు అచ్చులు చెక్కిన చెయ్యి. భార్య పోయిన ఏడాది వణుకు పట్టుకుంది. ఉలి ఆనిస్తే ఒక గీత రెండు గీతలయ్యేది. తన చెయ్యి చెయ్యని పని మిషన్ చేస్తుందన్నాడు. చట్రం తనే బిగించుకున్నాడు. బొమ్మను కంప్యూటర్లో గీసి, మిషనుకు అర్థమయ్యే లెక్కలోకి మార్చే పని కూతురు కోమలిది. ఫోనులో చూసి నేర్చుకుంది. చెక్కే మోటారును పైకెత్తి దించే కడ్డీకీ, దాన్ని తిప్పే ఇంకో మోటారుకూ మధ్య నన్ను బిగించారు.

ఆ వీధిలో చెక్క అచ్చులతో అద్దే షెడ్డు ఇక బాలకోటయ్యది ఒక్కటే. మిగతావాళ్ళంతా స్క్రీన్ ప్రింటింగుకు మారిపోయారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు కావాలి. అతను ముందు నెమలి అచ్చు ఒకటి అడిగాడు.

"శనివారం దాకా చూస్తా బావా. బాగుంటే మిగతా రంగుల అచ్చులు కూడా నీకే. లేదంటే నేనూ స్క్రీన్లే తెచ్చుకుంటా. ఏవనుకోకు."

నాంచారయ్య ఏమీ అనుకోలేదు. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు, అంతే.

అచ్చులు చెక్కేవాళ్ళు కొత్త అచ్చును నూనెలో నానబెట్టకుండా వాడనివ్వరు. నూనె తాగని చెక్క పగులుతుంది. ఇది నాంచారయ్యకు తండ్రి చెప్పిన మాట. చెక్క గురించి చెప్పిన మాటను అతను లోకానికంతటికీ పట్టించాడు. నన్ను బిగించే ముందు నా బెజ్జాల నిండా నూనె పోశాడు. రోజూ పొద్దున్నే మిషనుకు దణ్ణం పెట్టి నా నెత్తిన మళ్ళీ పోశాడు. కడ్డీకి నూనె కావాలి. నాకు వద్దు. నేను పట్టుకోవలసినవాణ్ణి.

చెక్కే మోటారు రెండు కిలోలు. దించేటప్పుడు దాని బరువుకు అదే దిగుతుంది. ఎత్తేటప్పుడు కడ్డీని తిప్పే మోటారు ఇరుసు నాలో జారేది. ఎత్తిన ప్రతిసారీ పిసరంత తక్కువ. నెమలి పూర్తవడానికి ఎనిమిదివందలసార్లు ఎత్తాలి. కంప్యూటరుకు ఇవేమీ తెలియవు. అనుకున్నంతా ఎత్తాననే దాని ధీమా. తోక దగ్గర పావంగుళం లోతు దిగిన చెక్కుడు బిట్టు, మెడ దగ్గరికి వచ్చేసరికి చెక్కలోంచి బయటికి రాకుండానే అడ్డంగా నడిచింది.

"ఏంటి బావా, మెడ కోసేశావు? కూరొండమన్నానా, అచ్చు చెయ్యమన్నానా?" అన్నాడు బాలకోటయ్య.

అతను వెళ్ళాక నాంచారయ్య కూతురి వైపు తిరిగాడు. "నీ లెక్కే తప్పు."

"లెక్క తప్పయితే ప్రతిసారీ ఒకేచోట తప్పాలి నాన్నా. నిన్నటి చెక్కలో తలకాయ పోయింది, ఇవాళ మెడ పోయింది. బిగింపులో ఏదో ఉంది."

"బిగించింది నేను. నలభయ్యేళ్ళ చెయ్యి నాది. నీకు చదువే వచ్చుంటే ఇక్కడెందుకుంటావ్?"

కోమలి కంప్యూటర్ ఆపేసి లోపలికి వెళ్ళింది. రెండు రోజులు కంచం పెట్టింది, మాట పెట్టలేదు.

ఆ రెండు రోజులూ అతను ఒక్కడే కుస్తీ పట్టాడు. వైర్లు మార్చాడు. మోటారుకు కరెంటు పెంచాడు, చెయ్యి పెడితే కాలేంత. నాతోపాటు కడ్డీ మీద పనిచేసిన ఇత్తడి నట్టును ఊడదీసి గోడ అవతలికి గిరాటేసి కొత్తది బిగించాడు. దాని తప్పేమీ లేదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణో లేదో. ఏం చేసినా కుదరకపోతే మిషను మొరాయిస్తోందని ఇంకాస్త నూనె పోసేవాడు. మరో చెక్క పాడైంది. ఆరిన టేకు ముక్క ఒక్కటే మిగిలింది.

శుక్రవారం పొద్దున అతను ఆ ముక్కను మిషను మీద పెట్టబోతుంటే కోమలి వచ్చింది. చేతిలో గోళ్ళరంగు సీసా.

"చెక్క పెట్టకు. ఉత్తగా పైకీ కిందికీ తిప్పుదాం."

"ఉత్తగా తిప్పితే ఏం తెలుస్తుంది?"

"నా లెక్క తప్పో కాదో తెలుస్తుంది."

గుడ్డతో పైపైన తుడిచి, మోటారు ఇరుసు మీంచి నా మీదికి ఒకటే ఎర్ర గీత గీసింది. ఆరనిచ్చి, యాభైసార్లు ఎత్తించి దించింది. ఆపి చూస్తే గీత రెండు ముక్కలైంది. ఇరుసు మీది ముక్క ఒకచోట, నా మీది ముక్క ఒకచోట.

"చూడు. మోటారు తిరిగింది. ఇది దాంతో తిరగలేదు."

నాంచారయ్య నన్ను వేలితో తడిమాడు. వేలు జిడ్డుగా వచ్చింది. ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు.

"నేనే పోశాను."

"ఎందుకు?"

"పగులుద్దని."

"ఇదేమన్నా చెక్కా నాన్నా?"

నన్ను ఊడదీశారు. నన్నూ ఇరుసునూ థిన్నర్‌తో కడిగారు. నునుపైన ఇరుసును కోమలి ఒక పక్క ఆకురాయితో చదును చేసింది. నా స్క్రూ సరిగ్గా ఆ చదును మీద ఆనేలా బిగించింది. నూరుసార్లు ఎత్తి దించి, బిట్టు మొన కింద కాగితం పెట్టి చూసింది. మొన మొదటిసారిలాగే కాగితాన్ని తాకీ తాకకుండా ఆగింది. అప్పుడు చివరి ముక్క పెట్టారు. సాయంత్రానికి నెమలి లేచింది, తలా మెడా కాళ్ళూ అన్నీ ఉన్న నెమలి. ఆ రాత్రంతా నాంచారయ్య దాన్ని నూనెలో నానబెట్టాడు.

శనివారం బాలకోటయ్య అచ్చును రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. ఎత్తి చూశాడు. మళ్ళీ గుద్దాడు. తెగిన గీత కోసం వెతికాడు. దొరకలేదు. మెచ్చుకోవడం అతనికి అలవాటు లేదు.

"మిగతావి ఎప్పుడిస్తావు బావా?"

"నన్నడుగుతావేంటి? కోమలినడుగు. అచ్చులు చేసేది అది."

కోమలి తండ్రి వైపు చూడలేదు. "పదిహేను రోజులు పడుద్ది మావయ్యా. టేకు నువ్వే తెచ్చియ్యాలి. పచ్చిది తెచ్చావంటే వెనక్కి పంపేస్తా."

"అబ్బో! తండ్రి నయం!" అంటూ అతను అచ్చు చంకన పెట్టుకుని పోయాడు.

చదువు గురించి అన్న మాటకు నాంచారయ్య తప్పయిందనలేదు. మనుషులు వైరు మారుస్తారు, నట్టు మారుస్తారు, ఆ ఒక్క మాట మాత్రం నోట రాదు. కోమలి రెండో అచ్చు బొమ్మ గీయడానికి కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. అతను స్టూలు తుడిచి ఆమె వైపు జరిపాడు. అంతకుమించి అతనికి చేతకాదు. అది చాలదు. అయినా ఆమె కూర్చుంది.