పేర్లు పిలిచేవాడు

"ఈ బడి గేటు దాటి ఒక్క పిల్ల పేరు కూడా బయటికి పోదు మిస్ లొరెట్టా. పోయిందంటే నా మీసం తీసేస్తా" అని చేబో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకోగానే, అదే చేత్తో మైకు అందుకుని, "ఓల్వేరా. రెండో క్లాసు, యారెలీ ఓల్వేరా. మూడో కోను దగ్గరికి రావాలి" అని అరిచాడు.

అరుపు రోడ్డు దాటింది. రోడ్డవతల టైర్ల కొట్టు దాటింది. ఊరి చివర కోళ్ల ఫ్యాక్టరీ దాకా వెళ్లిందనీ, అక్కడ గొలుసుకి తలకిందులుగా వేలాడుతున్న కోళ్లు కూడా ఓసారి తలతిప్పి చూశాయనీ అంటారు. ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది. ఆ గొలుసు మీద కోళ్లకి అప్పటికే తలలుండవు. ఆ మాటకొస్తే చేబోకి మీసమూ లేదు.

ఆ రోజు పొద్దున్నించీ బళ్లో ఎవరికీ ఊపిరాడలేదు. ఊళ్లో ఇమిగ్రేషన్ వాళ్లు తిరుగుతున్నారన్న భయంతో వంటింట్లో ముగ్గురు మనుషులు పనికి రాలేదు. నాలుగొందల పళ్లేలకి, అక్కడే పనిచేసే చేబో ఒక్కడే అన్నం, చిక్కుళ్లు వడ్డించాడు. అంతకుముందే ఇమిగ్రేషన్ వాళ్లు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చారు. కాల్డర్ ఊళ్లో వాళ్లని మీగ్రా అంటారు, పిల్లలకి బూచాడి పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి. ఒక పిల్ల వివరాలు కావాలన్నారు. ఆఫీసు చూసుకునే మిస్ లొరెట్టా కళ్లజోడు పెట్టుకుని, వాళ్లు తెచ్చిన కాగితం రెండువైపులా చదివి, "జడ్జి సంతకం లేదుగా నాయనా" అని వెనక్కిచ్చేసింది. వాళ్లు వెళ్లిపోయారు. మరీ దూరం కాదు. టైర్ల కొట్టు నీడలో బూడిదరంగు వ్యాను ఆపి, అద్దాలు సగం దించుకుని కూర్చున్నారు.

ఏ పిల్ల గురించి అడిగారో మిస్ లొరెట్టా చేబోకి కూడా చెప్పలేదు. ఆవిడ పద్ధతి అంతే. జాగ్రత్తగా ఉండమని మాత్రం చెప్పడానికి బయటికొచ్చింది. మీసం మాట అప్పుడు వచ్చిందే.

బడి వదిలే వేళకి కార్లు వరసకట్టి వస్తాయి. ఎవరూ దిగకూడదు. ప్రతి కారు అద్దం వెనకా పిల్ల ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాసిన అట్ట ఉంటుంది. చేబో ఆ పేరు చూసి మైకులో పిలుస్తాడు, పిల్ల వచ్చి నేలమీద నిలబెట్టిన నారింజరంగు ప్లాస్టిక్ కోను దగ్గర నిలబడుతుంది. గంటకి పన్నెండు డాలర్లు. ఆ డబ్బుకి మామూలుగా పిలిస్తే చాలు. చేబో మామూలుగా ఏదీ చేయలేడు. ఒక్కో పేరూ ఫుట్‌బాల్ ఆటలో గోలు పడ్డట్టు పిలిచేవాడు. పైగా ఆ మైకు బొత్తాం నొక్కితే లోపలే ఇరుక్కునేది, గోరుతో పైకి లాగాలి. కొత్తది కొనమంటే ప్రిన్సిపల్ గారు వచ్చే ఏడు అన్నారు. పోయిన ఏడూ అదే అన్నారు. అందుకని చేబో నమిలే చూయింగ్ గమ్ కూడా ఊరందరికీ వినబడేది.

మూడో కోను దగ్గర నీలం రంగు పాత ట్రక్కు ఆగింది. యారెలీ నాన్నది కాదు, అతని బావమరిది బండి. నాన్న బల్తసార్ రాత్రంతా ఫ్యాక్టరీలో నేల కడిగి, నిద్రకళ్లతోనే వచ్చాడు.

"బల్తసార్ అన్నా, ఈ బండి కంటే మీ కోడి నయం. కనీసం అది కూస్తే కదుల్తుంది" అన్నాడు చేబో.

"కదలకపోతే నువ్వు తోద్దువుగానిలే. చిక్కుళ్లు తింటావు కదా ఊరికే."

ఇద్దరూ నవ్వారు. బొత్తాం ఇరుక్కునే ఉంది. ఇంటిపేరూ, ఒంటిపేరూ, ఏ బండో, ఏ కోనో, అన్నీ రోడ్డవతలికి చక్కగా వినబడ్డాయి. పెట్రోలు బంకు మలుపులో బూడిదరంగు వ్యాను ఆ ట్రక్కుకి అడ్డం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే యారెలీ అమ్మ రుఫీనా ఆఫీసుకొచ్చింది. రాత్రి డ్యూటీ నించి తిన్నగా వచ్చింది. రబ్బరు బూట్లు కూడా విప్పలేదు. నేల మీద తడి అడుగులు పడుతుంటే తుడవబోయింది. మిస్ లొరెట్టా ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"పిల్లని పెట్రోలు బంకు వాళ్లకి అప్పజెప్పి పోయారు, నేనొచ్చేలోపే" అంది రుఫీనా. "చేతిలో అన్నం డబ్బా. డబ్బా దించమంటే దించలేదంట. మా ఆయన అడిగాడంట వాళ్లని, నేనెవరో మీకెట్లా తెలిసింది, ఈ బండి కూడా నాది కాదే అని."

"ఏమన్నారక్కా?" అన్నాడు చేబో.

రుఫీనా అతని వైపు చూడలేదు. "బడి వాళ్లే చెప్పారులే, మైకులో. అన్నారంట."

చేబో తల తిప్పుకున్నాడు. గోడమీద గడియారం చూశాడు. అది ఆగిపోయి చాలాకాలమైంది. అయినా చూస్తూనే ఉన్నాడు.

"నేనీ కుర్చీలో కూర్చున్నప్పట్నించీ" అంది మిస్ లొరెట్టా, "ఏ బిడ్డనీ నువ్వెక్కడ పుట్టావని అడగలేదు. అడగనిది నా దగ్గర ఉండదు. లేనిది నా దగ్గర ఎవడూ లాక్కోలేడు. తలుపుకి ఇంత తాళం వేసుకుని కూర్చున్నా. నువ్వేమో ఇంటి కప్పు లేపేశావు చేబో. మూడేళ్లుగా లేపుతున్నావు. నేనూ రోజూ విన్నా, నాకూ తట్టలేదు."

ఆవిడ లేచింది. ఆ పూటంతా బడి చుట్టూ తిరిగింది, చేబో ఆవిడ వెనక నిచ్చెన మోశాడు. కిటికీ అద్దాల మీద పుట్టినరోజుల పిల్లల పేర్లు పీకేసింది. వరండాలో ఫొటోలు వీధిలోకి కనబడకుండా లోపలిగోడకి మార్పించింది. సంచుల మీద పేర్లని లోపలివైపు కుట్టించమంది. బడి ముందు పెద్ద బోర్డు మీద ఈ నెల మంచి విద్యార్థి అని వెలుగుతున్న పేరుని చేబో చేతే తీయించింది. నిచ్చెన దిగాక అతనికో మాట చెప్పింది.

"మళ్లీ వస్తారు. నిన్నడుగుతారు. ఒకటి గుర్తుపెట్టుకో. అబద్ధం చెప్పకు. వాళ్లతో అబద్ధం చెబితే నేరం. చెప్పనని చెప్పు. అది నేరం కాదు."

"రెంటికీ తేడా ఏముంది మిస్ లొరెట్టా?"

"అబద్ధానికి తెలివి చాలు. రెండోదానికి ధైర్యం కావాలి."

చేబో నవ్వేశాడు. తనకి రెండూ దండిగా ఉన్నాయని అతని నమ్మకం.

పేర్లు పిలవడం మానేసి నెంబర్లు పిలుద్దామన్నారు ప్రిన్సిపల్ గారు. మంచి ఆలోచనేనని అందరూ తలూపారు. సాయంత్రం తల్లిదండ్రుల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి అదే చెప్పారు. రుఫీనా లేచి నిలబడింది.

"మా ఆయనకి ఆ జైల్లో నెంబరే ఇచ్చారండీ. పేరు చెప్పి ఫోను చేస్తే, అట్లాంటోళ్లు లేరు, నెంబరెంత అంటున్నారు. నా కూతురికి కూడా నెంబరంటే నేనొప్పుకోను. పిల్లని బడి మానిపిస్తా."

వెనక బల్లమీద కూర్చున్న చేబో, "లోతెరియా" అన్నాడు.

ప్రిన్సిపల్ గారికి తప్ప అందరికీ అర్థమైంది. ఆదివారం ఆదివారం చర్చి వెనక హాల్లో ఆడే ఆటే. పెట్టెలోంచి బొమ్మ తీసి పిలిచేవాడు పిలుస్తాడు, ఆ బొమ్మ ఎవరి అట్టమీద ఉంటే వాళ్లు మొక్కజొన్న గింజ పెట్టుకుంటారు. ఊరికే బొమ్మ పేరు చెప్పేస్తే ఎవరూ ఆడరు, దానికో కొంటెమాట తగిలించాలి. చర్చిలో ఆ పిలిచేవాడూ చేబోనే. ఇంటికో బొమ్మ ఇద్దామన్నాడు. అద్దం వెనక పేరుకి బదులు బొమ్మ. ఏ బొమ్మ ఎవరిదో కాగితం మీద రాయొద్దు. పిల్లకీ, ఇంట్లోవాళ్లకీ, తనకీ తెలిస్తే చాలు.

"నీకన్నీ గుర్తుంటాయా?" అన్నారు ప్రిన్సిపల్ గారు.

"నాకు ఈ బళ్లో పిల్లలే కాదు సార్, వాళ్ల కుక్కల పేర్లు కూడా తెలుసు."

కోడిపుంజు కోసం ఇద్దరు తండ్రులు దాదాపు కొట్టుకున్నారు. చావు బొమ్మ ఎవరూ తీసుకోకపోతే మిస్ లొరెట్టా తన కారుకి పెట్టుకుంది. పెట్టెలో బొమ్మలు అయిపోయాక పిల్లలు కొత్తవి గీశారు. కుక్కరు, వాషింగ్ మెషీను, ప్రిన్సిపల్ గారి బట్టతల. యారెలీ చాలాసేపు వెతికి బూటు తీసుకుంది.

"అదెందుకే, చందమామ ఉందిగా?" అంది రుఫీనా.

"గుమ్మం దగ్గర నాన్న బూట్లున్నాయిగా" అంది యారెలీ.

మర్నాటి నించి కాల్డర్‌లో కొత్త గొడవ మొదలైంది. "పొద్దున్నే లేపుతుంది, ఆదివారం కూరలో పడుతుంది. కోడిపుంజు, రెండో కోను." "పైన వెంట్రుకుండదు, కింద తీరికుండదు. బట్టతల, నాలుగో కోను." కార్లలో కూర్చున్న వాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు కోడి రెక్కలు కోసి, వేళ్లు ముడుచుకోవడం రానివాళ్లు కూడా స్టీరింగు మీద తాళం వేసేవాళ్లు. టైర్ల కొట్టు ఓనరు పని మానేసి వరండాలో కుర్చీ వేసుకునేవాడు. వ్యాను కూడా వచ్చేది. అద్దాలు దించుకుని వినేది. ఓ రోజు లోపల కూర్చున్నవాడు కూడా నవ్వాడని చేబో అందరికీ చెప్పుకున్నాడు. దానికి సాక్ష్యం లేదు.

వారం తిరక్కుండానే వ్యాను తలుపు తెరుచుకుంది. పెట్రోలు బంకు రోజు లేని, పిల్లని ఎరగని పొడుగాటి మనిషి ఒకడు రోడ్డు దాటి, నల్లకళ్లద్దాలు తీయకుండా, చేతిలో కాఫీతో వచ్చాడు. అప్పుడు వరసలో ఏడు కార్లున్నాయి. నాలుగో కారు అద్దం వెనక బూటు ఉంది. స్టీరింగు దగ్గర రుఫీనా. ఈసారి వాళ్లు వచ్చింది ఆవిడ కోసమే. భర్త ఫొటో వాళ్ల దగ్గరుంది గానీ ఆవిడ మొహం వాళ్లెప్పుడూ చూడలేదు. పిల్లని చూపిస్తే పిల్ల ఎక్కే కారు తెలుస్తుంది, అంతే వాళ్లకి కావలసింది. యారెలీ చేబోకి రెండడుగుల దూరంలో, మిగతా పిల్లల మధ్య, అన్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

మిస్ లొరెట్టా అప్పటికే బయటికొచ్చింది. "ఈ పసుపు గీత ఇవతల బడి, బాబూ. కాగితం ఉంటే ఆఫీసుకి రా."

"గీత అవతలే ఉన్నానమ్మా" అని అతను చేబో వైపు తిరిగాడు. "ఓల్వేరా పిల్ల ఎవరు వీళ్లలో?"

"ఓల్వేరానా?" చేబో బొమ్మల కట్ట తిరగేశాడు. "మా పెట్టెలో ఆ బొమ్మ లేదు సార్. తేలు బొమ్మ ఉంది. ఇమ్మంటారా?"

"నీకీ పిల్లల పేర్లు తెలీవా?"

"తెలీవు సార్. నాకు జ్ఞాపకం నిలవదు. చిన్నప్పుడు గాడిద తన్నింది. ఏ గాడిదో అది కూడా గుర్తులేదు."

మిస్ లొరెట్టా కళ్లు మూసుకుంది.

"ఒక్క పేరు కూడా?"

"నా పేరే మా అమ్మ చొక్కాకి కుట్టి పంపుతుంది."

పిల్లల వరసలో అందరికంటే పొట్టిది ఇట్సయానా. ఒకటో క్లాసు, ముందు పళ్లు రెండూ లేవు. తనకిష్టమైన మనిషిని బయటివాడెవడో వచ్చి మతిమరుపువాణ్ణి చేస్తుంటే ఆ పిల్లకి చాలా కోపం వచ్చింది.

"చేబో అన్నకి అందరి పేర్లూ తెలుసు" అంది గట్టిగా. "ఊపిరి తీసుకోకుండా చెప్తాడు. మా కుక్కది కూడా చెప్తాడు."

కార్లలో రేడియోలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. పొడుగాటి మనిషి కాఫీ ఒక గుక్క తాగి, తొందరేం లేనట్టు చేబో మొహంలోకి చూశాడు.

"అయితే తెలుసన్నమాట."

చేబో నోట్లో ఇంకా చాలా గాడిదలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. యారెలీ అతని వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తోంది, తను ఎవరినీ చూడకపోతే తను అక్కడ లేనట్టేనన్నట్టు.

"అబద్ధం చెప్పాను సార్" అన్నాడు చేబో. "నన్నే గాడిదా తన్నలేదు. తెలుసు. అందరి పేర్లూ తెలుసు. మీరడిగే పిల్లా తెలుసు. ఆ పిల్ల నాన్నని మీకు పట్టిచ్చింది నేనే, ఈ నోటితోనే, జోకులేస్తూ. ఇంక చెప్పను. ఈవేళా చెప్పను, రేపొచ్చినా చెప్పను."

చివరి మాట టైర్ల కొట్టు గోడకి తగిలి వెనక్కొచ్చింది. అప్పుడు గానీ అతను మైకు వైపు చూసుకోలేదు. బొత్తాం లోపలే ఉంది. ఏడు కార్లూ, పెట్రోలు బంకూ, డ్యూటీ మారుతున్న ఫ్యాక్టరీ గేటూ, అందరూ మొత్తం విన్నారు. నాలుగో కారు వరసలోంచి కదల్లేదు. రుఫీనా బూటు బొమ్మని అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

చేబో బొత్తాం పైకి లాగడానికి గోరు పెట్టాడు. పెట్టి, తీసేశాడు.

"వినబడకపోతే ఇంకోసారి చెప్తాను సార్" అన్నాడు.