నాలుగో కారవాన్ మనిషి

పర్శరాములు పొడుగాటి కర్రకు కట్టిన వలతో చెరువు మీది నాచు లాగుతున్నాడు. కళ్లు మాత్రం ఒడ్డున కుర్చీ వేసుకున్న ముసలాయన మీదే ఉన్నాయి. గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ ఊరి బయట, తోట నడుమ తవ్వించిన చేపల చెరువది. చుట్టూ అద్దెకిచ్చే ఆరు కారవాన్ గదులు. సెలవు రోజుల్లో కుటుంబాలు వచ్చి గాలాలు వేసి, మాంసం కాల్చుకుని వెళ్తాయి. వాళ్లు వదిలిన బొగ్గులు ఎత్తడం, బాత్రూములు కడగడం, చేపలకు మేత చల్లడం పర్శరాములు పని.

నాలుగో కారవాన్‌లో దిగిన ఈయన ఒంటరిగా వచ్చాడు. మూడు రోజులైంది. గాలానికి ఎర గుచ్చడు. నీళ్ల వంక చూడడు. పర్శరాములు ఎటు వెళితే అటే చూస్తాడు, అదీ అతని కాళ్లకేసి.

ఇంత చిన్న జాగాకు మనిషెందుకని ముదీర్, అంటే తోట మేనేజరు, పోయిన వారమే అన్నాడు. ఈ కుంటివాడు పనికొస్తాడో లేదో చూసి రమ్మని ఈయన్ని పంపి ఉంటాడు. అబుదాబి పక్క ముసఫ్ఫాలో పరంజా మీంచి పడి ఎడమ కాలు విరిగాక, ఐదేళ్లలో ఇది మూడో పని. ఊళ్లో భార్య అంజవ్వకు ఈ భయం చెప్పలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం అతను నడుం వాల్చలేదు. కడిగిన కుర్చీలే మళ్లీ కడిగాడు. మోకాలు సలుపుతున్నా నిటారుగా నడిచాడు. దుప్పట్లు మార్చే నెపంతో నాలుగో కారవాన్‌లో దూరాడు. బల్ల మీద ముద్రలు వేసిన ఇంగ్లీషు కాగితాలు, పక్కన మందుబిళ్లల అట్టలు. చదవడం రాదు. కంపెనీ కాగితాలేనని తేల్చుకున్నాడు.

ఎండ చల్లబడ్డాక ముసలాయన పిలిచాడు.

"పర్శరాములూ!"

తెలుగు! పర్శరాములు రెండడుగులు వేసి ఆగాడు. "నా పేరెట్ల తెల్సు?"

"అంగీ మీద ఉంది గద."

"ఎవలు పంపిండ్రు సాబ్ మిమ్ముల? సీదా చెప్పుండ్రి."

ముసలాయన ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వాడు. "ఎవలు పంపుతరు? నేను సనావుల్లాను. ముసఫ్ఫాల కంపెనీ బస్సు నడిపిన. కరోనా వచ్చిన ఏడు, కట్టు కాలుతోని ఒకడు ఎక్కుతుండె. దిగేటప్పుడు ఇట్లనే కాలు ఈడ్చుకుంట దిగుతుండె. అందరికీ మాస్కులాయె, మొఖం యాది లేదు. నువ్వేనా కాదా అని మూడొద్దుల సంది చూస్తున్న."

పర్శరాములు నమ్మలేదు. అలాంటి మాటలు ఎవరైనా నేర్చుకుని రావచ్చు. "చాయ్ తెస్త" అని మాత్రం అన్నాడు.

గ్లాసు పట్టుకుని వెనక నుంచి వస్తూ ఆగిపోయాడు. సనావుల్లా తల ముందుకు వాలి ఉంది. మెడ మీద చెవి దాకా సాగిన తెల్లటి మచ్చ. విరిగిన కాలితో వెనక్కి వెళ్లలేక, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని ఎనిమిది నెలలు ప్రతి ఉదయం చూసిన మచ్చ అది.

"నేనే, డ్రైవర్ సాబ్," అన్నాడు. మళ్లీ గట్టిగా అన్నాడు.

సనావుల్లా పలకలేదు.

ఆంబులెన్సు వచ్చింది, ప్రాణం అప్పటికే పోయిందన్నారు. పోలీసు ఆ కాగితాలు తిరగేసి, ఆస్పత్రివని, గుండె జబ్బని హిందీలో చెప్పాడు. బండి వెళ్లిపోయాక పర్శరాములు ఆ కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఎవరైనా చూస్తారన్న ఆలోచనే రాలేదు.

నీళ్ల అంచున సనావుల్లా విప్పిన తోలు చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బస్సు పెడల్ తొక్కే కుడికాలిదాని మడమ మాత్రం కాగితమంత పలచగా అరిగిపోయి ఉంది.